చెట్టు లెక్క లేని ఆర్కిడ్ లెక్క
విశాఖ మన్యం కొండల్లో అడవి ఆర్కిడ్లు: తెలిసినది, తేలనిది

విశాఖపట్నం పూల దుకాణాల్లో ఆర్కిడ్ అంటే పెళ్లి మండపాలకు కట్టే ఊదా, తెలుపు డెండ్రోబియం రెమ్మలే. అవన్నీ షెడ్‌నెట్‌ల కింద పెంచిన సంకర రకాలు. అదే నగరం నుంచి అరకు దారి పట్టి ఘాట్ ఎక్కితే పాత మామిడి, పనస, నేరేడు చెట్ల కొమ్మల మీద అడవి ఆర్కిడ్లు దుబ్బులు కట్టి ఉంటాయి. పూయని రోజుల్లో వాటిని పోల్చుకునేవాళ్లు తక్కువ. ఆకులు చూసి చెట్టుకు బదనిక పట్టిందనుకుని వెళ్లిపోతారు.

బదనిక చెట్టు రసం పీలుస్తుంది. ఆర్కిడ్ చెట్టును ఆసరాగా మాత్రమే వాడుకుంటుంది, దాని రసం తాగదు. అయినా చెట్టు లేకపోతే అదీ లేదు. విశాఖ మన్యం ఆర్కిడ్ల గురించి రెండు శతాబ్దాలకు పైగా పోగైన రాతలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే లోపం ఇక్కడే కనిపిస్తుంది. మొక్కల పేర్ల జాబితా మన దగ్గర ఉంది. వాటిని మోసే చెట్ల లెక్క లేదు. ఈ రెండోది లేనంతకాలం మొదటిది ఏ జాతినీ కాపాడలేదు.

కోరమాండల్ తీరం నుంచి మొదలు

ఈ కథకు తొలి ఊళ్లలో విశాఖ ఒకటి. 1780లలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ ఇక్కడ ఉండేవాడు. పాముల మీద, విశాఖ చేపల మీద ఆయన వేసిన పుస్తకాలు ప్రసిద్ధం. కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన జొహాన్ కోనిగ్ 1785లో చనిపోయాక ఆ ఉద్యోగం రస్సెల్‌కు వచ్చింది. తీరప్రాంతపు మొక్కలకు బొమ్మలతో పుస్తకం వేయాలన్న ఆలోచనను ముందుకు తీసుకెళ్లింది ఆయనే. సామర్లకోటలో తోట వేసి పనిచేస్తున్న విలియం రాక్స్‌బర్గ్ ఆ పని పూర్తిచేశాడు. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో వచ్చిన 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' అదే. బొమ్మలు గీసినవాళ్లు ఇక్కడి చిత్రకారులు. వాళ్ల పేర్లు పుస్తకంలో లేవు.

ఆ మొదటి సంపుటంలోనే మన చెట్ల మీది ఆర్కిడ్లు శాస్త్రానికి పరిచయమయ్యాయి. నేడు వాండా టెసెల్లేటా అంటున్న గళ్ల రేకుల పువ్వు, అకాంపే ప్రిమోర్సా అనే మందపాటి ఆకుల మొక్క రెండూ 1795లో రాక్స్‌బర్గ్ వర్ణించినవే. ప్రపంచంలో ఎక్కడ ఈ జాతుల పేరు రాసినా పక్కన ఆయన పేరు చేరుతుంది. అయితే రాక్స్‌బర్గ్ పని ఎక్కువగా మైదానంలో, కొండల అంచుల్లో సాగింది. మలేరియాకు పేరుమోసిన మన్యం పై కొండలు చాలాకాలం వృక్ష శాస్త్రజ్ఞులకు అందలేదు.

తరువాతి పెద్ద మెట్టు జె.ఎస్. గాంబుల్ మొదలుపెట్టగా సి.ఇ.సి. ఫిషర్ ముగించిన 'ఫ్లోరా ఆఫ్ ది ప్రెసిడెన్సీ ఆఫ్ మద్రాస్' (1915-1936). ఆర్కిడ్ల భాగం ఫిషర్ రాసినది. దక్షిణాదిలో ఆర్కిడ్ పట్టుకున్న ప్రతి విద్యార్థీ ఇప్పటికీ ముందు దాన్నే తిరగేస్తాడు. స్వాతంత్ర్యం తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర శాఖ, భారత వృక్షశాస్త్ర సర్వే మన్యంలో నమూనాలు సేకరించాయి. టి. పుల్లయ్య, ఆయన సహచరులు ఆంధ్రప్రదేశ్ వృక్షజాలాన్ని సంపుటాలుగా తెచ్చారు. జి.వి. సుబ్బారావు, జి.ఆర్. కుమారి విశాఖ జిల్లా వృక్షజాలాన్ని సర్వే తరఫున రెండు భాగాలుగా ప్రచురించారు.

ఇంత పనికీ ఒక స్వభావం ఉంది. ఎవరో ఒక రోజున ఒక చోట ఒక మొక్కను చూశారు, ఎండబెట్టి హెర్బేరియంలో పెట్టారు, పేరు నిర్ధారించారు. ఆ జాతి ఇక్కడ ఉందనడానికి అది చాలిన రుజువు. అక్కడ పది మొక్కలున్నాయా, పదివేలున్నాయా, నలభై ఏళ్ల తరువాత ఇంకా ఉన్నాయా అన్నదానికి ఆ కాగితం జవాబు చెప్పదు.

ఎందుకు ఇన్నే?

ప్రపంచంలో సుమారు 28,000 ఆర్కిడ్ జాతులున్నాయి. ఒక్క కొలంబియాలోనే 4,000 దాటాయి. భారత వృక్షశాస్త్ర సర్వే 2019లో వెలువరించిన పుస్తకం ప్రకారం మన దేశంలో 155 ప్రజాతులకు చెందిన 1,256 జాతులున్నాయి. వాటిలో 757 చెట్ల మీద పెరిగేవి, 447 నేల మీద పెరిగేవి, 43 పత్రహరితం లేక పూర్తిగా శిలీంధ్రాల మీదే బతికేవి. మొత్తంలో 388 మన దేశంలో తప్ప మరెక్కడా లేవు, అందులో మూడోవంతు పడమటి కనుమలవి. అరుణాచల్ ప్రదేశ్ ఒక్కదానికే 600కు పైగా ఉన్నాయి. మన పక్కనున్న ఒడిశాలో శరత్ మిశ్రా దశాబ్దాల పాటు తిరిగి నమోదు చేసినవి సుమారు 130. ఆంధ్రప్రదేశ్ జాబితాలు వందకు లోపే ఆగుతాయి.

ఈ తేడాకు మొదటి కారణం ఎత్తు. ఉష్ణమండల పర్వతాల్లో చెట్ల మీది ఆర్కిడ్లు దట్టంగా ఉండేది సాధారణంగా 1,000 నుంచి 2,000 మీటర్ల మధ్య, మబ్బులు చెట్లను ఆనుకుని నిలిచే చోట. ఆండీస్‌లో, తూర్పు హిమాలయాల్లో ఆ పట్టీ వందల కిలోమీటర్లు సాగుతుంది. మన దగ్గర అరకు లోయే 900 మీటర్ల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తైన శిఖరంగా పేరున్న జిందగడ సుమారు 1,680 మీటర్లు. అంటే ఆర్కిడ్లకు అనువైన ఎత్తుల పట్టీ నడుమే మన కొండలు ముగుస్తున్నాయి. గాలికొండ, చింతపల్లి, గూడెం కొండల తలలు ఒకదానికొకటి దూరంగా, మధ్యలో వెచ్చటి లోయలతో, చల్లటి దీవుల్లా నిలిచి ఉన్నాయి. ఆనైముడి 2,695 మీటర్ల దాకా లేచిన పడమటి కనుమల్లో మొక్కకు పైకి జరిగే చోటుంది. ఇక్కడ లేదు. వాతావరణం వేడెక్కే కాలంలో ఈ తేడా ఇంకా బరువెక్కుతుంది.

రెండోది వాన. కర్ణాటకలోని అగుంబెలో ఏడాది సగటు 7,000 మిల్లీమీటర్లు దాటుతుంది. మన్యంలో 1,300కు అటూ ఇటూ. పైగా డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా దాదాపు పొడి. ఆ లోటును కొంత పూడ్చేవి రెండు: శీతకాలపు మంచు, అక్టోబరు తుపానుల వాన. లంబసింగి, అనంతగిరి వైపు తెల్లవారుజామున పట్టే మంచు పర్యాటకుడికి ఫొటో, ఆర్కిడ్ వేరుకు తాగునీరు.

మూడోది తూర్పు కనుమలు తెగిపోయి ఉండటం. గోదావరి, కృష్ణ వంటి నదులు వీటిని ముక్కలుగా కోశాయి. విత్తనం గాలిలో ఎంత దూరమైనా పోగలదు కాబట్టి ఆర్కిడ్‌కు ఇది పెద్ద అడ్డు కాదని కొందరంటారు. కానీ విత్తనం చేరడం వేరు, నిలదొక్కుకోవడం వేరు. ఈ రెండో దానికే చెట్టు, తేమ, శిలీంధ్రం మూడూ ఒక్కచోట కుదరాలి.

కాబట్టి ఇన్నే ఉన్నాయని చిన్నచూపు చూడనక్కర్లేదు. పొడికాలాన్ని తట్టుకున్నవే ఇక్కడ నిలిచాయి, అందుకే వాటి బతుకు తీరు గమనించదగ్గది.

ఎవరు ఎక్కడ

కింది నుంచి పైకి వెళ్తే వరస ఇలా ఉంటుంది. మైదానపు మామిడి తోపుల దాకా దిగివచ్చే గట్టి పిండం వాండా టెసెల్లేటా. గోధుమ, పసుపు గళ్ల రేకులు, మధ్యలో నీలి పెదవి, మంచి వాసన. దాని తోబుట్టువు వాండా టెస్టేసియా పూలు చిన్నవి, పసుపువి. అకాంపే ఆకులు తోలుపట్టీల్లా బిరుసుగా ఉండి, పసుపు పూల మీద ఎర్రటి చారలు ఉంటాయి. సింబిడియం అలోయిఫోలియం చెట్టు తొర్రలో కుళ్లిన ఆకుల మధ్య వేళ్లూని, మెరూన్ చారల పూలగెలను కిందికి వేలాడదీస్తుంది.

ఘాట్ ఎక్కేకొద్దీ రింకోస్టైలిస్ రెటూసా కనిపిస్తుంది. మే, జూన్ నెలల్లో నక్కతోకలా కిందికి వాలే తెలుపు, ఊదా గెల దీనిది. అస్సాంలో బిహు పండగకు ఆడపిల్లలు కొప్పులో తురుముకునేది ఈ పువ్వునే. అది ఆ రాష్ట్ర పుష్పం. మన మన్యంలో అదే పువ్వు చెట్టు మీదే పూసి చెట్టు మీదే రాలుతుంది. ఏరిడిస్, లూసియా, ఫోలిడోటా, చదునైన విసనకర్ర ఆకుల ఓబెరోనియా, డెండ్రోబియంలు తేమగల లోయల్లో చేరతాయి. నాచు పట్టిన బెరడు దొరికిన చోట బల్బోఫిల్లంలు పాకుతాయి. ఓబెరోనియా పువ్వు ఒకటి రెండు మిల్లీమీటర్లే, చూడటానికి భూతద్దం కావాలి.

నేల ఆర్కిడ్లది వేరే లోకం. నెర్వీలియా వేసవి చివర ముందు పువ్వు పూసి, అది వాడాక ఒకే ఒక్క ఆకు వేస్తుంది. పువ్వును, ఆకును ఒకేసారి చూడలేం. జియోడోరం పూలగెల తల వంచుకుని ఉండి, కాయ పట్టాక నిటారుగా లేస్తుంది. హేబెనేరియాలు వానల నడుమ గడ్డిలో తెల్లగా పూస్తాయి. వాటి పువ్వుకు వెనకాల వేలాడే సన్నటి గొట్టంలో తేనె అడుగున ఉంటుంది, పొడవాటి నాలుక గల రాత్రి చిమ్మటలకే అందుతుంది. జ్యూక్సీన్ చలికాలంలో తడి గడ్డి మీద, పొలం గట్ల మీద కూడా కనిపిస్తుంది. ఆర్కిడ్ చూడటానికి కొండే ఎక్కాలని లేదు.

ఈ పూత క్యాలెండరులో సర్వేలకు ఒక చిక్కుంది. అరకుకు జనం వెళ్లేది అక్టోబరు నుంచి జనవరి దాకా. ఆర్కిడ్లు ఎక్కువగా పూసేది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, ఎండలోనో జోరు వానలోనో. పువ్వు లేని ఆర్కిడ్‌కు జాతి చెప్పడం నిపుణుడికీ కష్టమే. రోడ్డుకు దగ్గరగా, సెలవుల్లో, నేల మీద నిలబడి చేసిన సర్వేలో ముప్పై మీటర్ల ఎత్తున నాచులో దాగిన మొక్క ఎలాగూ పడదు. జాబితాలో లేదంటే అడవిలో లేదని అర్థం కాదు. జాబితాలో ఉందంటే ఇంకా ఉందనీ కాదు.

గాలిలో వేళ్లు, వేళ్లలో శిలీంధ్రం

చెట్టు మీది ఆర్కిడ్ వేరు చుట్టూ తెల్లటి స్పాంజి పొర ఉంటుంది. వాన చుక్క పడగానే నీళ్లు పీల్చుకుని పొర పారదర్శకమై, లోపలి పచ్చదనం బయటపడుతుంది. పొడి రోజుల్లో అదే పొర లోపలి తడిని కాపాడుతుంది. వాండా, అకాంపే వంటివి పగటి ఎండకు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రిపూట తెరిచి గాలి పీల్చుకుంటాయి. నాగజెముడు బతికే పద్ధతే ఇది. డెండ్రోబియంలు లావుపాటి కాండాల్లో నీళ్లు నిలవ చేసుకుని ఆకులు రాల్చేస్తాయి. నాలుగైదు నెలల పొడికాలం దాటేది ఈ ఏర్పాట్లతోనే.

అసలు గండం పుట్టుకలో ఉంది. ఒక్క ఆర్కిడ్ కాయలో వేల నుంచి లక్షల దాకా విత్తనాలు దుమ్ములా ఉంటాయి. వాటిలో మొలకకు తిండి ఉండదు. సరైన శిలీంధ్రం లోపలికి చొరబడి చక్కెర అందిస్తేనే మొలక లేస్తుంది. ఈ సంగతి 1899లో ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్ కనిపెట్టాడు. 1922లో అమెరికాలో లూయిస్ నుడ్సన్ శిలీంధ్రం లేకుండానే చక్కెర కలిపిన జెల్లీ మీద విత్తనాలు మొలిపించాడు. నేటి ఆర్కిడ్ పరిశ్రమ మొత్తం ఆ సీసాల మీద లేచినదే.

అడవికి ఈ సీసా పాఠం సగమే పనికొస్తుంది. ప్రయోగశాలలో వేల మొక్కలు తీయొచ్చు. వాటిని తిరిగి కొమ్మకు కట్టాక అక్కడ శిలీంధ్రం, తేమ, పరాగ సంపర్కానికి వచ్చే పురుగు లేకపోతే ఉన్న మొక్క కొన్నేళ్లు బతుకుతుంది, కొత్తది పుట్టదు.

చెట్టు పోతే

మన్యంలో పెద్ద చెట్లకు వచ్చిన ముప్పులు వేరువేరు కాలాల్లో వేరువేరు దిక్కుల నుంచి వచ్చాయి. 1960లలో బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు పంపడానికి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వేశారు. 58 సొరంగాలతో అది కొండను చీల్చుకుంటూ పోయింది. ఉక్కు కర్మాగారానికీ ఖనిజం ఈ దారినే వచ్చింది. విశాఖ ఓడరేవు, ఉక్కు నగరంగా ఎదగడంలో ఈ కొండల వాటా చిన్నది కాదు.

అడవి నరికి సాగుచేసే పోడును చాలా రాతలు మొదటి ముద్దాయిగా నిలబెడతాయి. అది సగం నిజం. ఏళ్ల తరబడి బీడు వదిలి తిరిగి నరికే పాత పద్ధతిలో ఇప్ప, పనస, మామిడి వంటి తిండి చెట్లను గిరిజనులు నరకకుండా వదిలేసేవారు. బరక బెరడు గల ఆ ముసలి చెట్లే ఆర్కిడ్లకు ఆశ్రయం. బీడు గడువు తగ్గి, చెట్టుకు ఊపిరి తీసుకునే వ్యవధి లేకపోయాకే నష్టం పెరిగింది.

బాక్సైట్ వివాదం కొండ తలలకు సంబంధించింది. జెర్రెల, గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది నిక్షేపాలన్నీ పై మెట్టలోనే ఉన్నాయి, అంటే ఆర్కిడ్లకు మిగిలిన చల్లటి దీవుల్లోనే. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ సంస్థ పేరిట ప్రయత్నాలు ఆ తరువాతా సాగాయి. జెర్రెల అటవీ భూమి కోసం 2015లో వచ్చిన జీవో 97 ఆందోళనల మధ్య ఆగి, ఆ తరువాత రద్దయింది. భూమి కోసం, ఊటల కోసం గిరిజనులు చేసిన ఆ పోరాటం ఎవరూ అనుకోకుండానే ఆర్కిడ్లకూ అండ అయింది.

కాఫీ సంగతి ఇంత సూటిగా తేలదు. గిరిజన సంక్షేమం పేరిట, పోడుకు బదులుగా, చెట్ల నీడన పెంచిన కాఫీ నేడు రెండు లక్షల ఎకరాలు దాటింది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోడి కొండ కన్నా కాఫీ తోట ఆర్కిడ్‌కు నయమే. కానీ నీడ కోసం ఎక్కువగా నాటింది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్. త్వరగా, నిటారుగా పెరుగుతుంది, మిరియపు తీగకు చక్కటి గుంజ. కొమ్మలు పరుచుకుని, బెరడు పగుళ్లు తీసి, నాచు పట్టే ముసలి నేరేడుకు, పనసకు అది సాటిరాదు. అందుకే తోటలో పాత అడవి చెట్లు ఎన్ని మిగిల్చారన్నదే అసలు ప్రశ్న. 'నీడ కాఫీ' అన్న ఒక్క మాటతో ఈ రెండు రకాల తోటల తేడా కనబడకుండా పోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటి కొండల మీదుగా పోయినప్పుడు సిల్వర్ ఓక్‌లు వరసలుగా కూలి, నీడ పోయిన కాఫీ మాడింది. పాత చెట్లూ పడ్డాయి. చెట్టుతో పాటు పడిన ఆర్కిడ్ నేల మీద ఎక్కువ కాలం నిలవదు. ఆ తుపానుకు కాఫీ నష్టం ఎకరాల్లో లెక్కకు వచ్చింది. ఆర్కిడ్ల నష్టం లెక్కకే రాలేదు, ఎందుకంటే పోల్చడానికి ముందటి లెక్క లేదు.

చట్టం ఎక్కడిదాకా

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేర్చిన ఆరో షెడ్యూల్లో, 2022 సవరణ దాకా, ఆరు రకాల మొక్కల పేర్లుండేవి. అందులో మూడు ఆర్కిడ్లవే: నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్లు. మూడూ ఈ కొండలవి కావు. ఆంధ్రకు ఆ పట్టికలో దక్కిన మొక్క శేషాచలం వైపు పెరిగే సైకాస్ బెడ్డోమీ. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం మొత్తం ఆర్కిడ్ కుటుంబాన్నీ తన జాబితాల్లో చేర్చింది. సరిహద్దు దాటే పెట్టెను అది ఆపగలదు, కొండ మీద పడే గొడ్డలిని ఆపలేదు.

స్థలానికి ఇచ్చే రక్షణ కూడా పలచనే. విశాఖ నగరం అంచున కంబాలకొండ అభయారణ్యం ఉంది. గోదావరి వైపు పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యాయి. ఈ రెంటి మధ్య వెయ్యి మీటర్లు దాటిన అరకు, పాడేరు, చింతపల్లి కొండలు ఎక్కువగా రిజర్వు అడవులే. అక్కడ గిరిజనుల హక్కులను తోసిరాజని కొత్త కంచె వేయడం న్యాయమూ కాదు, నిలిచేదీ కాదు. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు వర్తించే పీసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అడవిని కాపాడుకునే అధికారం ఇచ్చాయి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. పనిముట్లు ఉన్నాయి, వాటితో ఏం లెక్కపెట్టాలో తేల్చుకోవాలి.

ఏం లెక్కపెట్టాలి

ఆర్కిడ్లు దీర్ఘాయుష్కులు. ఒక వాండా దుబ్బు దశాబ్దాల పాటు అదే కొమ్మ మీద ఉండి, ఏటా పూసి, చూసినవాళ్లకు అంతా బాగానే ఉందన్న భరోసా ఇవ్వగలదు. ఈలోగా చుట్టుపక్కల ఒక్క పిల్లమొక్క కూడా లేచి ఉండకపోవచ్చు. శిలీంధ్రం పోయి ఉండొచ్చు, పురుగు రావడం మానేసి ఉండొచ్చు, పక్క చెట్టు కొట్టేసి ఉండొచ్చు. అప్పుడు జాబితాలో ఆ జాతి భద్రంగానే ఉంటుంది. కొండ మీద మాత్రం అది చివరి తరం. పేర్ల జాబితా ఈ రెండు స్థితుల తేడా చెప్పలేదు. పిల్లమొక్కల లెక్క చెబుతుంది.

అందుకే తదుపరి సర్వేకు యూనిట్ జాతి కాదు, చెట్టు కావాలి. కంబాలకొండ నుంచి అనంతగిరి మీదుగా గాలికొండ దాకా ఎత్తుల వారీగా కొన్ని చెట్లను గుర్తుపెట్టాలి. చెట్టు ఏ రకం, చుట్టుకొలత ఎంత, దాని మీద ఏయే ఆర్కిడ్లు, వాటిలో పెద్దవెన్ని, పిల్లలెన్ని, కాయ పట్టినవెన్ని రాయాలి. అవే చెట్ల దగ్గరికి ఏటా వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి వెళ్లాలి. సగం చెట్లు అడవిలో, సగం కాఫీ తోటల్లో ఉంటే సిల్వర్ ఓక్‌కు, పనసకు తేడా ఎంతో ఐదారేళ్లలో అంకెల్లో తేలుతుంది. మరో తుపాను వస్తే పోల్చడానికి ముందటి లెక్క ఉంటుంది.

ఈ పని చేయగలవాళ్లు దూరాన లేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులకు కొండ మూడు గంటల దూరం. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో కాఫీ రైతుకు ఎలాగూ తెలుసు. 1956 నుంచి విశాఖ కేంద్రంగా నడుస్తున్న గిరిజన సహకార సంస్థ ఏటా వాళ్ల దగ్గర కాఫీ కొంటుంది. తోటలో నిలిపిన ప్రతి పాత అడవి చెట్టుకూ ధరలో కొంత కలిపితే రైతుకు చెట్టు ఉంచడం నష్టం కాదు. రాష్ట్ర ఆర్కిడ్ల జాబితాలో మరో పేరు చేరితే ఒక పరిశోధనా వ్యాసం వస్తుంది, రావాల్సిందే. కానీ నిధులు ఒక్క పనికే ఉన్నాయంటే ముందు చెట్లను లెక్కపెట్టాలి. పేర్లు ఆగగలవు, ముసలి చెట్లు ఆగవు.